జపాన్ వంటిల్లు, విదేశీయుల నాలుక

జపాన్ తిండి గురించి బయటివాళ్లు రాయడం మొదలై పదిహేడు వందల ఏళ్లు దాటింది. అందులో పొగడ్త నిన్నమొన్నటి సంగతి. చైనా పండితులు, పోర్చుగీసు పాదరీలు, అమెరికా నౌకాదళ అధికారులు, ఇంగ్లండు యాత్రికులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ తిండి చప్పగా ఉంటుందనీ, కడుపు నిండదనీ, చల్లారిపోయి ఉంటుందనీ, వాసన భరించలేమనీ రాసిపెట్టారు. అదే తిండిని 2013లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఇన్నేళ్లలో నాలుకలు మారాయనుకుంటే అది సగం నిజమే. పాతకాలపు విదేశీయులు తిన్నది దాదాపు ఎప్పుడూ విందు భోజనమో సత్రం భోజనమో. ఇంటి పొయ్యి దాకా వెళ్లి, అక్కడ చూసింది వివరంగా రాసినవాళ్లు ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో గాని పెద్దగా కనిపించరు. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు: కోడళ్లుగా వెళ్లినవాళ్లు, పిల్లల్ని అక్కడి బడిలో వేసినవాళ్లు. వాళ్ల రాతల్లోని జపాన్ వేరు.

ఇంట్లో ఏం తింటారు

జపాన్ ఇంటి భోజనానికి పునాది అన్నం, చారు, ఊరవేసిన కూరగాయలు. వీటికి ఆధరువులు చేరతాయి. ఒక చారు, మూడు ఆధరువులు ఉండాలని ఆదర్శంగా చెబుతారు గాని మామూలు రోజుల్లో ఒకటో రెండో ఉంటాయి. చారు మిసోతో కాస్తారు. సోయా గింజలను ఉప్పుతోను, బూజు పట్టించిన బియ్యంతోనో బార్లీతోనో కలిపి నెలల తరబడి పులియబెడితే వచ్చే ముద్దే మిసో. ఆ చారుకు ఆధారం దాషీ: కొంబు అనే సముద్రపు నాచును నీళ్లలో నానబెట్టి వేడిచేసి, పొగబెట్టి కట్టెలా ఎండించిన కట్సువో చేపను పల్చని పొరలుగా చెక్కి అందులో వేసి, వడకట్టిన నీరు. కూరలు ఉడికించేదీ చాలావరకు ఈ నీటిలోనే. నూనె తక్కువ. మసాలా దాదాపు లేదు. ఉప్పు మాత్రం సోయా సాస్, మిసో, ఊరగాయల రూపంలో అన్ని వైపుల నుంచీ వచ్చి చేరుతుంది.

పెద్ద అవెన్ చాలా ఇళ్లలో ఉండదు. గ్యాస్ పొయ్యిలోనే చేప కాల్చుకునే చిన్న అర ఉంటుంది. వండినవన్నీ ఒకేసారి బల్ల మీదికి వస్తాయి. అన్నం గిన్నె, చాప్‌స్టిక్స్ ఇంట్లో ఎవరివి వాళ్లవే. గిన్నెను చేతిలోకి ఎత్తుకుని తింటారు. పక్కనే ఉన్న కొరియాలో గిన్నె బల్ల మీదే ఉండాలి, అన్నం చెంచాతో తినాలి. అందుకే కొరియా నుంచి వచ్చినవారికి జపాన్ పద్ధతి మోటుగా కనిపిస్తుంది. చైనా నుంచి వచ్చినవారు చల్లారిన అన్నం పెట్టిన బెంటో డబ్బా చూసి ఆశ్చర్యపోతారు. విదేశీయుల అభిప్రాయం అనగానే యూరప్, అమెరికాల వైపే చూడడం పొరపాటు.

పాదరీల కాలం

మూడో శతాబ్దం చివర్లో చైనాలో చెన్ షౌ కూర్చిన ‘మూడు రాజ్యాల చరిత్ర’లో తూర్పు దీవులవారి గురించి ఒక చిన్న భాగం ఉంది. వాళ్లు చలికాలం, వేసవి అని లేకుండా పచ్చి ఆకుకూరలు తింటారనీ, చేత్తో తింటారనీ, మద్యం ఇష్టపడతారనీ అందులో రాశాడు. అల్లం, నారింజ జాతి పండ్లు, ఘాటైన మిరియపు గింజలు అక్కడ దొరుకుతాయట, కానీ రుచి కోసం వాటిని వాడుకోవడం వాళ్లకు తెలియదట. మసాలా వేయకపోతే వంట రానట్టే లెక్క అన్న ఈ తీర్పు తర్వాత ఎన్నో నోళ్లలో వినిపిస్తుంది. భారతీయుల నోట ఈనాటికీ వినిపిస్తూనే ఉంది.

1549 ఆగస్టులో కగోషిమాలో దిగిన ఫ్రాన్సిస్ జేవియర్ అదే ఏడాది నవంబరులో గోవాలోని సహచరులకు పెద్ద లేఖ రాశాడు. ఈ దేశంలో పెంచిన జంతువును చంపరు, తినరు. అప్పుడప్పుడు చేప, కొంచెం బియ్యం, కొంచెం గోధుమ, ఎక్కువగా ఆకులు, కూరలు. ఇంత తక్కువ తిని కూడా మనుషులు ఆరోగ్యంగా ఉన్నారనీ, ముసలివాళ్లు చాలామంది కనిపిస్తున్నారనీ ఆయన గమనించాడు. జపాన్ తిండికీ దీర్ఘాయుష్షుకూ ముడిపెట్టిన తొలి యూరోపియన్ రాతల్లో ఇదొకటి. మాంసం సంగతికి వెనుక పెద్ద చరిత్ర ఉంది. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను ఏడాదిలో కొన్ని నెలలపాటు నిషేధించాడు. బౌద్ధం ఆ అలవాటును ఇంకా బిగించింది. వేటాడిన జంతువులనూ పక్షులనూ తిన్నా, పొలం దున్నే పశువును తినడం తప్పుగానే మిగిలిపోయింది.

పాదరీలందరిలో తిండిని శ్రద్ధగా చూసినవాడు లూయిష్ ఫ్రోయిష్. 1563లో జపాన్ చేరి, 1597లో నాగసాకిలో చనిపోయేదాకా చాలావరకు అక్కడే ఉన్నాడు. 1585లో యూరప్ అలవాట్లనూ జపాన్ అలవాట్లనూ ఎదురెదురుగా పెట్టి 600కు పైగా చిన్న చిన్న పోలికలు రాశాడు. అందులో ఒక అధ్యాయం పూర్తిగా తిండి, తాగుడు గురించే. యూరప్‌వాళ్లు చేతులతో తింటే జపాన్‌వాళ్లు చిన్నప్పటి నుంచే రెండు పుల్లలతో తింటారు. తిండిని చేత్తో ముట్టరు గనక వాళ్లకు చేతులు కడుక్కోవలసిన పనే లేదు. యూరప్‌లో రొట్టె, జపాన్‌లో ఉప్పు లేకుండా వండిన అన్నం. యూరప్‌వాళ్లకు తీపి ఎంత ఇష్టమో జపాన్‌వాళ్లకు ఉప్పదనం అంత ఇష్టం. యూరప్‌లో చేపను కాల్చి, వండి తింటారు. జపాన్‌లో పచ్చి చేపంటేనే మోజు. పాలు, వెన్న, జున్ను చూస్తే జపాన్‌వాళ్లు ముక్కు మూసుకుంటారు. చప్పుడు చేస్తూ తినడం ఒకచోట అమర్యాద, మరోచోట మర్యాద.

ఈ పుస్తకంలో ఎక్కడా ఎగతాళి లేకపోవడం విశేషం. యూరప్ భోజనాల్లో ఇంకా ఫోర్కు స్థిరపడని కాలం అది. చేతులతో తినేవాళ్లు మురికివాళ్లుగా కనిపించేది ఎవరి కళ్లకో ఫ్రోయిష్‌కు అర్థమైంది. ఆ రాతప్రతి మాడ్రిడ్‌లోని గ్రంథాలయంలో పడి ఉండి 1946లో బయటపడింది, 1955లో అచ్చయింది. అంటే ఆయన చూపు మూడు వందల అరవై ఏళ్లపాటు ఎవరికీ ఉపయోగపడలేదు.

ఆయన పైఅధికారి వలిన్యానో ఇంకో అడుగు ముందుకు వేశాడు. జపాన్‌లో ఉన్న పాదరీలు జపాన్ పద్ధతిలోనే తినాలనీ, మఠాల్లో పందులనూ మేకలనూ పెంచడం, పశువులను కోయడం మానాలనీ 1581 ప్రాంతంలో ఆజ్ఞలు జారీచేశాడు. బల్ల దగ్గర అసహ్యం పుట్టిస్తే మతబోధ ఎవరూ వినరని ఆయన లెక్క. యూరప్ నుంచి జపాన్‌కు వచ్చినవీ ఉన్నాయి. ఫ్రోయిష్ 1569లో యుద్ధ ప్రభువు ఓడా నొబునాగాకు గాజు సీసాలో చక్కెర మిఠాయిలు కానుకగా ఇచ్చాడు. అవి కొంపేయితోగా ఈనాటికీ దుకాణాల్లో ఉన్నాయి. పిండిలో ముంచి వేయించే తెంపురా, నాగసాకి కస్తెలా కేకు కూడా పోర్చుగీసుల పొయ్యి నుంచి వచ్చినవే. తర్వాత రెండు శతాబ్దాలకు పైగా దెజిమా దీవిలోని డచ్చివాళ్లు తప్ప యూరోపియన్లెవరికీ ప్రవేశం లేదు. కెంప్ఫర్, తూన్‌బెర్గ్ లాంటి వైద్యులు అక్కడి నుంచే సోయా సాస్ తయారీ గురించి యూరప్‌కు చెప్పారు.

నల్ల ఓడలు, చాలని విందు

1854లో అమెరికా నౌకాదళ అధికారి కమడోర్ పెర్రీ నల్ల ఓడలు రెండోసారి వచ్చినప్పుడు యోకోహామాలో ఆయన బృందానికి విందు జరిగింది. వండింది ఎదో నగరంలో (నేటి టోక్యో) పేరుమోసిన మొమొకావా భోజనశాల. డజన్ల కొద్దీ చిన్న చిన్న వంటకాలు, నాణ్యమైన చేపలు, అందమైన గిన్నెలు. అమెరికన్లకు ఆకలి తీరలేదు. మాంసం ఎక్కడని వెతుక్కున్నారు. దారిలో ర్యూక్యూ దీవుల్లో తిన్న విందే మేలని వాళ్ల అధికారిక నివేదికలో ధ్వనిస్తుంది. ర్యూక్యూలో పంది మాంసం వడ్డించారు మరి.

కొద్ది రోజులకు పెర్రీ తన పౌహాటన్ ఓడ మీద బదులు విందు ఇచ్చాడు. తిన్నాక జపాన్ అధికారులు మిగిలిన మాంసం, కేకు, తీపి పాకం అన్నీ కలిపి కాగితాల్లో చుట్టుకుని అంగరఖా చేతుల్లో దాచుకోవడం చూసి అమెరికన్లు నివ్వెరపోయారు. విందులో మిగిలింది ఇంటికి పట్టుకెళ్లడం అక్కడ మర్యాద. ఇంట్లోవాళ్లు కూడా రుచి చూడాలి కదా. దాన్ని ఆశపోతుతనంగా రాసినవాళ్లు, ఆ పొట్లం విప్పే ఇంటిని ఎన్నడూ చూడలేదు.

1856లో షిమొదాలో అమెరికా దౌత్యాధికారిగా కూర్చున్న టౌన్‌సెండ్ హారిస్ ఆవుపాలు కావాలని అడిగాడు. ఆవుపాలు దూడకు గాని మనిషికి కాదనుకునే దేశంలో అధికారులు తలలు పట్టుకున్నారు. ఆయన ఉన్న గ్యొకుసెన్‌జి గుడి ఆవరణలో ఆ సంగతుల గుర్తుగా స్మారకాలు ఉన్నాయి. పదహారేళ్లు గడిచేసరికి, 1872 జనవరిలో, మెయిజీ చక్రవర్తి స్వయంగా గొడ్డుమాంసం తిన్నట్టు ప్రజలకు తెలియజేశారు. పాశ్చాత్యులు పొడుగ్గా, బలంగా ఉండడానికి మాంసమే కారణమని పాలకులు నమ్మారు. బయటివాళ్ల అభిప్రాయం రాజాజ్ఞలా జపాన్ కంచం మీదికి దిగిన తొలి సందర్భం అది.

ఇంగ్లండు యాత్రికురాలు ఇసబెల్లా బర్డ్ 1878లో ఇతో అనే దుబాసీ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని ఉత్తర జపాన్ మారుమూలలన్నీ గుర్రం మీద తిరిగింది. విదేశీయులు పోని దారులవి. చేపలతో కూరలతో చేసే జపాన్ తిండిని ఆమె అసహ్యమని ఒక్క మాటలో కొట్టిపారేసింది. ఊరవేసిన ముల్లంగి వాసనను కంపుకొట్టే అమెరికా స్కంక్ జంతువు వాసన పక్కన పెట్టింది. గుడ్లు, అన్నం, టీ, వెంట తెచ్చుకున్న మాంసపు సారం మీద నెట్టుకొచ్చింది. న్యాయంగా చెప్పాలంటే ఆమె వెళ్లిన కొండపల్లెలు పేదవి. అక్కడివాళ్లకే తిండి సరిగా లేదని ఆమే రాసింది. అయినా ఆమె తీర్పు కొండపల్లెల మీద కాక దేశం మొత్తం మీద పడింది. టోక్యోలో ఆచార్యుడిగా పనిచేసిన చేంబర్లిన్ 1890 నాటి తన జపాన్ విజ్ఞాన పుస్తకంలో ఇంకొంచెం మెత్తగా, ఈ తిండి శుభ్రమైనదే, చూడముచ్చటైనదే గాని పాలూ రొట్టే వెన్నా మాంసం లేకుండా యూరోపియన్ కడుపు నిలవదన్నాడు.

ఆయన స్నేహితుడు లఫ్కాడియో హెర్న్ సంగతి మరీ తమాషా. న్యూ ఆర్లీన్స్‌లో ఉన్నప్పుడు 1885లో క్రియోల్ వంటల పుస్తకం వేసినవాడు. 1890లో మత్సుయే చేరి, సెత్సు అనే ఆమెను పెళ్లాడి, జపాన్ పౌరుడై, జపాన్ గురించి ఇంగ్లీషు పాఠకులకు అంత ప్రేమగా రాసినవాడు మరొకడు లేడు. పది నెలలు జపాన్ తిండి మాత్రమే తిన్నాక ఆగలేక మాంసం మీద పడ్డానని చేంబర్లిన్‌కు రాసిన లేఖలో సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. ఆయన ఇష్టాల్లో పెద్ద బీఫ్‌స్టేక్, ప్లమ్ పుడింగ్ ఉన్నాయని సెత్సు తన జ్ఞాపకాల్లో చెప్పింది.

అన్నదమ్ములిద్దరు

చైనా రచయిత లూ షున్ 1904లో వైద్యం చదవడానికి సెందాయ్ వెళ్లాడు. మొదట దిగిన చోట తిండి బాగానే ఉంది. కానీ ఆ ఇంటివాళ్లే జైలు ఖైదీలకూ వండి పంపుతారనీ, అక్కడ ఉండడం తగదనీ ఒక పెద్దమనిషి పట్టుబట్టడంతో వేరే ఇంటికి మారాడు. అక్కడ రోజూ చేమకాడల చారే. గొంతు దిగేది కాదని తర్వాత తన గురువు మీద రాసిన వ్యాసంలో గుర్తుచేసుకున్నాడు. ఆయన తమ్ముడు జౌ త్సోరెన్ 1906 నుంచి 1911 దాకా టోక్యోలో ఉండి, జపాన్ అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. ఆయనకు అదే చప్పటి తిండి సొంత ఊరి తిండిలా తోచింది. తమ షావోషింగ్ ప్రాంతపు ఎండుకూర చారుతో మిసో చారును, అక్కడి ఉప్పుచేపతో ఇక్కడి ఉప్పు సామన్ చేపను, ఊరగాయతో ఊరగాయను జతపెట్టి 1930లలో ఒక వ్యాసం రాశాడు. చప్పగా, సాదాగా, కొవ్వు లేకుండా ఉండడమే ఆయనకు నచ్చింది.

ఒకే తల్లి చేతి ముద్దలు తిన్న ఇద్దరు ఇంత వేరుగా ఎందుకు రాశారో వెతకడానికి దూరం పోనక్కర్లేదు. పెద్దవాడు తిన్నది అద్దెగది తిండి. చిన్నవాడికి జపాన్‌లో ఇల్లుంది.

పొయ్యి దగ్గర నిలబడినవాళ్లు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాశ్చాత్య మేధావులకు జపాన్ భోజనం కళగా కనిపించడం మొదలైంది. ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1970లో వేసిన పుస్తకంలో చాప్‌స్టిక్స్ తిండిని పొడవవనీ, కోయవనీ, ఊరికే ఎత్తి పట్టుకుంటాయనీ, జపాన్ పళ్లెంలో నడిబొడ్డు అంటూ ఏ వంటకమూ ఉండదనీ మురిసిపోయాడు. చదవడానికి బాగుంటుంది. అయితే ఆ గిన్నెలు ఎవరు కడుగుతారన్న ప్రశ్న ఆ పుస్తకంలో రాదు. ఒసాకాలో వంటల కళాశాల నడిపిన త్సుజి షిజువో 1980లో ఇంగ్లీషులో వెలువరించిన ‘జాపనీస్ కుకింగ్: ఎ సింపుల్ ఆర్ట్’ పద్ధతులను కొలతలతో సహా చెప్పిన మొదటి పెద్ద పుస్తకాల్లో ఒకటి. దానికి అమెరికా రచయిత్రి ఎం.ఎఫ్.కె. ఫిషర్ ముందుమాట రాసింది. త్సుజి ఆమెను పిలిపించి మేలైన భోజనశాలలన్నీ తిప్పాడు.

ఇంటి వంటను బయటికి తెచ్చినవాళ్లలో ఎలిజబెత్ ఆందో ముందుంటారు. 1960లలో అమెరికా నుంచి వెళ్లి షికొకు దీవి కుటుంబంలో కోడలయ్యారు. అత్తగారి దగ్గర నేర్చుకుని, తర్వాత టోక్యోలో పేరున్న వంట పాఠశాలలో చదివి, సొంతంగా బోధన మొదలుపెట్టారు. ముల్లంగి తొక్కు, కొంబు వడకట్టాక మిగిలిన పిప్పి పారేయకుండా ఏం చేయాలో చెప్పే వంటలు ఆమె పుస్తకాల్లో ఉంటాయి. సైతమా ప్రాంతంలో రైతును పెళ్లాడిన నాన్సీ సింగిల్టన్ హచిసు 2012లో ‘జాపనీస్ ఫార్మ్ ఫుడ్’ రాశారు. అందులో సుషీ మెరుపులు తక్కువ, పొలంలో కోసిన కూరకు సోయా సాస్ చుక్క వేసి తినడం ఎక్కువ. వేళ్ల మీద లెక్కపెట్టగల దినుసులతో వంట ముగుస్తుంది. ఆ దినుసులు మంచివి కాకపోతే దాచడానికి మసాలా లేదు.

అందరికంటే పదునైన మాట చెప్పింది అమెరికా మానవశాస్త్రవేత్త ఆన్ అలిసన్. ఆమె కొడుకు టోక్యోలో పసిపిల్లల బడిలో చేరాడు. తల్లి రోజూ బెంటో డబ్బా కట్టాలి. చిన్న చిన్న ముక్కలు, రంగులు, ఆకారాలు అన్నీ అమరాలి. పిల్లవాడు మొత్తం తినాలి. తినకపోతే బడిలోవాళ్లు తల్లికి చెబుతారు. 1991లో వచ్చిన తన వ్యాసంలో అలిసన్ ఈ డబ్బాను రాజ్యం తల్లినీ పిల్లనూ కలిపి తీర్చిదిద్దే సాధనంగా చూపించారు. జంతువుల ముఖాలు, కార్టూన్ బొమ్మల రూపంలో అన్నం పెట్టే క్యారాబెన్ ఫొటోలు చూసి ముచ్చటపడే విదేశీయులు చాలామంది. ఆ ముచ్చట వెనుక ఎవరు ఎన్నింటికి లేస్తున్నారో అడిగినవాళ్లు తక్కువ. ఒక విదేశీ తల్లి ఆ పని తన చేతులతో చేయవలసి రావడం వల్లే ఈ ప్రశ్న పుట్టింది.

ఇంటి శ్రమను తగ్గించిన వస్తువు కూడా ఒక ఇల్లాలి చేతుల్లోనే పరీక్షకు నిలిచింది. తొషిబా 1955లో అమ్మకానికి పెట్టిన కరెంటు రైస్ కుక్కర్ కోసం, దాన్ని రూపొందించిన చిన్న కర్మాగారం యజమాని మినామి యొషితదా భార్య ఫుమికో పగలూ రాత్రీ అన్నం వండి చూసింది. ప్రపంచమంతా, తెలుగువారు ఉద్యోగాలకు వెళ్లిన ప్రతి దేశంలోనూ, వంటింట్లో కుదురుకున్న జపాన్ వస్తువు అదే. సుషీ తిననివాళ్లు కూడా దాన్ని వాడుతున్నారు.

ఉప్పు లెక్క

జేవియర్ గమనించిన ముసలివాళ్లను శాస్త్రవేత్తలు మళ్లీ లెక్కపెట్టారు. అమెరికా శాస్త్రవేత్త అన్సెల్ కీస్ 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనంలో క్యూషూలోని తనుషిమరు రైతులు, ఉషిబుకా జాలరులు ఉన్నారు. వాళ్లలో గుండెజబ్బు చాలా తక్కువ. జపాన్ తిండి ఆరోగ్యకరమని అమెరికన్లు నమ్మడానికి ఈ పరిశోధన గట్టి పునాది వేసింది. కానీ 1960లో అమెరికా వైద్యుడు లూయిస్ డాల్ గీసిన మరో గ్రాఫ్‌లో అదే జపాన్ ప్రమాదఘంటికగా కనిపిస్తుంది. ఉత్తర ప్రాంతాల్లో మనిషి రోజుకు సుమారు 27 గ్రాముల ఉప్పు తినేవాడు. రక్తపోటు, పక్షవాతం అక్కడ విపరీతం. పొడుగాటి చలికాలం ఊరగాయలతో మిసోతో గడిచే ఇళ్లవి. తర్వాత ప్రభుత్వ ప్రచారాలతో ఉప్పు బాగా తగ్గింది, అయినా దేశ సగటు ఇప్పటికీ 10 గ్రాముల దగ్గరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాములు. జపాన్ వంటను మందులా అమ్మే విదేశీ పుస్తకాలు ఈ రెండో గ్రాఫ్‌ను అచ్చు వేయవు.

బయటి రుచి, లోపలి వంట

విదేశీయులు జపాన్ తిండిని చూసి ఊరుకోలేదు, మార్చారు కూడా. యుద్ధానంతరం అమెరికా గోధుమ, వెన్న తీసిన పాలపొడి బడి భోజనాల్లోకి వచ్చాయి. 1956లో అమెరికా సొమ్ముతో వంటబండ్లు, అంటే లోపల పొయ్యిలు అమర్చిన బస్సులు, ఊళ్లు తిరిగి గృహిణులకు గోధుమపిండి వంటలు నేర్పాయి. మిగులు గోధుమ అమ్ముకోవాలన్నది అమెరికా రైతుల అవసరం. బడి భోజనంలో అన్నానికి అధికారికంగా చోటు దొరికింది 1976లోనే. 1962లో మనిషికి ఏడాదికి 118 కిలోల బియ్యం తిన్న దేశం ఇప్పుడు 50 కిలోల దగ్గర ఉంది.

సామన్ సుషీ కథ కూడా ఇలాంటిదే. పరాన్నజీవుల భయంతో జపాన్‌వాళ్లు సామన్‌ను పచ్చిగా తినేవాళ్లు కాదు, ఉప్పుపెట్టి కాల్చుకునేవాళ్లు. పెంపకపు చేప మిగిలిపోతున్న నార్వే 1980ల మధ్యలో ప్రత్యేక పథకం పెట్టి, తమ చేపను పచ్చిగా తినవచ్చని ఏళ్ల తరబడి నచ్చజెప్పింది. ఈనాడు జపాన్ పిల్లలు మొదట చేయి చాచేది ఆ నారింజ రంగు ముక్క వైపే.

ఈ రాకపోకలు జపాన్ ప్రభుత్వానికి ఒక దశలో చిరాకు తెప్పించాయి. విదేశాల్లో జపాన్ భోజనశాలలు 2006లో 24 వేలు. వాటిలో అసలువేవో గుర్తించి ముద్ర వేస్తామని వ్యవసాయశాఖ ప్రకటించింది. సుషీ పోలీసులు వస్తున్నారని అమెరికా పత్రికలు ఎగతాళి చేయడంతో పథకం వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది తీర్పు చెప్పే వంతు ఫ్రెంచివాళ్లది. మిషెలిన్ గైడ్ తొలి టోక్యో సంచిక 150 భోజనశాలలకు 191 నక్షత్రాలు ఇచ్చింది. అన్ని నక్షత్రాలు పారిస్‌కు కూడా లేవు. పరీక్షకుల్లో ముగ్గురు యూరోపియన్లు, ఇద్దరు జపాన్‌వాళ్లు. మా వంటకు మార్కులు వేయడానికి వాళ్లెవరని కొందరు వంటవాళ్లు విసుక్కున్నారు, నక్షత్రం వద్దన్నవాళ్లూ ఉన్నారు. విదేశాల్లోని జపాన్ భోజనశాలలు 2023 నాటికి 1,87,000 అయ్యాయి.

యునెస్కో దరఖాస్తు వెనుక కూడా విదేశీ చూపు లెక్క ఉంది. మొదట ఖరీదైన కైసెకి భోజనం చుట్టూ ఆలోచన సాగింది. కొరియా రాజప్రాసాద వంటల దరఖాస్తు 2011లో నెగ్గకపోవడంతో, కొందరికే అందే వంట కాకుండా ప్రజలందరి తిండి, ముఖ్యంగా కొత్త సంవత్సరపు పండుగ వంట అన్న రూపంలో దరఖాస్తు తయారైంది. పోలండ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో బోధించే కతర్జీనా చ్వెర్త్కా, అమెరికా చరిత్రకారుడు ఎరిక్ రాత్ ఇక్కడే అడ్డుతగులుతారు. తెల్లన్నం, మూడు ఆధరువులు అనే సంప్రదాయం అందరిదీ కాదనీ, చాలామంది రైతులు బార్లీ, చిరుధాన్యాలు, ముల్లంగి ముక్కలు కలిపిన అన్నమే తిన్నారనీ, ఇంటి వంట అనే ఆదర్శం ఇరవయ్యో శతాబ్దపు బడులూ సైన్యమూ పత్రికలూ కలిసి అల్లినదనీ వాళ్ల వాదన. జపాన్ తిండిని నెత్తికెత్తుకున్న విదేశీయులను విదేశీ చరిత్రకారులే నేలకు దించారు. ఈ విషయంలో చరిత్రకారుల మాటే నమ్మదగినదిగా కనిపిస్తుంది.

భారతీయుల వంతు

భారతదేశానికి ఈ కథలో దొడ్డిదారి ఉంది. కూర ఇంగ్లండు మీదుగా జపాన్ చేరింది. 1872 నాటి ఒక వంటపుస్తకంలో కర్రీ దినుసుల్లో కప్ప కూడా ఉంది! బ్రిటిష్ పాలకుల నుంచి తప్పించుకుని టోక్యోలో తలదాచుకున్న విప్లవకారుడు రాస్ బిహారీ బోస్ ఆ గోధుమపిండి పులుసు చూసి ఇది మా కూర కాదని తలచి, అత్తవారి నకమురాయా దుకాణంలో 1927లో ఎముకతో కోడిముక్కలు వేసిన అసలు కూర పెట్టించాడు. తిరువాన్కూరు నుంచి వెళ్లిన మరో స్వాతంత్ర్య యోధుడు ఎ.ఎం. నాయర్ 1949లో టోక్యో గింజా ప్రాంతంలో భోజనశాల తెరిచాడు. రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటిని దాటి ఇళ్లలో గెలిచింది మాత్రం యాపిల్, తేనె కలిపిన తియ్యటి కర్రీ దిమ్మె. 1963లో వచ్చిన ఆ దిమ్మెతో వండే కర్రీ రైస్ జపాన్ పిల్లలకు అమ్మ చేతి వంట.

2000 తర్వాత టోక్యోలోని నిషికాసాయ్ చుట్టుపక్కల స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో తెలుగువారూ ఉన్నారు. శాకాహారులకు అక్కడ మొదటి అడ్డంకి కంటికి కనబడని దాషీ. చేపముక్క లేని ఉడికించిన గుమ్మడికాయలోనూ, టోఫు మీద పోసిన పులుసులోనూ కట్సువో సారం ఉంటుంది. మాంసం లేదని వడ్డించేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. చేపనీళ్లు వాళ్ల లెక్కలో మాంసం కావు. బౌద్ధ మఠాల షోజిన్ వంటలో కొంబు, ఎండు షీతాకే పుట్టగొడుగుల దాషీయే వాడతారు గనక అక్కడ నిశ్చింత. రెండో ఫిర్యాదు అన్నం గురించి: విడివిడిగా రాలే సోనామసూరికి అలవాటుపడిన నోటికి, పుల్లలతో ఎత్తడానికి వీలుగా అంటుకునే పొట్టి బియ్యం ఎసరు ఎక్కువై ముద్దైనట్టు ఉంటుంది.

ఇక జపాన్ రుచి తెలియదనుకునే తెలుగువాళ్లు కూడా అది తెలియకుండానే తింటున్నారు. టోక్యో ఆచార్యుడు ఇకెదా కికునయే 1908లో కొంబు చారు రుచికి మూలం గ్లుటమేట్ అని కనిపెట్టి దానికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే అది పొడిగా అజినొమొతో పేరుతో అంగట్లోకి వచ్చింది. అలాంటి ఐదో రుచి ఉందని పాశ్చాత్య శాస్త్రవేత్తలు ఒప్పుకోవడానికి తొంభై ఏళ్లు పట్టింది. ఈలోగా 1968లో ఒక అమెరికా వైద్యపత్రికలో అచ్చయిన ఉత్తరంతో ఆ పొడి విషమన్న ప్రచారం పుట్టింది. విజయవాడలోనో వరంగల్‌లోనో సాయంత్రం ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర నూడుల్స్ మీద చల్లే టేస్టింగ్ సాల్ట్ ఆ పొడే.

2013లో తొలిసారి కోటి దాటిన విదేశీ పర్యాటకులు 2024లో దాదాపు 3.69 కోట్లు అయ్యారు. వచ్చేముందు దేనికోసం ఎదురుచూశారని ప్రభుత్వ సర్వే అడిగితే, జపాన్ తిండి అన్నదే పైస్థానంలో నిలుస్తోంది. అమెరికా వంటవాడు, టీవీ యాత్రికుడు ఆంథొనీ బోర్డెయిన్ మెచ్చుకున్న లాసన్ దుకాణపు గుడ్డు శాండ్‌విచ్ కోసం కూడా వరస కడుతున్నారు. 2024 వేసవిలో దుకాణాల్లో బియ్యం అడుగంటినప్పుడు, ఈ సుషీ తినే పర్యాటకులే కారణమని కొన్ని పత్రికలు రాశాయి. వ్యవసాయశాఖ లెక్కల్లో వాళ్లు తిన్నది మొత్తం బియ్యంలో ఒక శాతం కంటే తక్కువే తేలింది. ముందటి వేసవి ఎండలకు గింజ నాణ్యత పడిపోవడం, ఏళ్లుగా సాగు తగ్గించుకుంటూ రావడం, భూకంప హెచ్చరికతో జనం ముందే కొని దాచుకోవడం పెద్ద కారణాలు. అయినా ఇంటి అన్నానికి కరువొస్తే ముందుగా వేలు చూపింది విదేశీయుల వైపే.